నలభై ఆరు అక్షరాలు, రెండుసార్లు

మా అమ్మాయి తిరుపతిలోనే బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రెండేళ్లు ఒక ఆసుపత్రిలో పనిచేసిన తర్వాత, జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగానికి వెళ్లాలని నిర్ణయించుకుంది. జపాన్ ప్రభుత్వం 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ప్రత్యేక నైపుణ్యాల వీసా కింద విదేశీయులను తీసుకునే పనుల్లో ఇదొకటి. వెళ్లదలచినవారు అక్కడి భాష కొంతవరకైనా వచ్చునని ముందుగా పరీక్ష రాసి నిరూపించుకోవాలి. ఆమె చేరిన శిక్షణ తరగతిలో మొదటి రోజే ఒక పట్టిక చేతికిచ్చి, పదిహేను రోజుల్లో హిరగాన, కతకాన అనే రెండు జపనీస్ లిపులూ నోటికీ చేతికీ రావాలని చెప్పి పంపారు. అది మే నెల. నేను చంద్రగిరి మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇరవై ఆరేళ్లుగా ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నాను. వేసవి సెలవులు కాబట్టి అమ్మాయి చేత పాఠం ఒప్పజెప్పించుకుందామని పక్కన కూర్చున్నాను. ఒప్పజెప్పేది తప్పో ఒప్పో తెలియాలంటే ఆ అక్షరాలు ముందు నాకు రావాలి. అలా బైరాగిపట్టెడలోని మా ఇంటి వసారాలో, చాప మీద, మా ఇద్దరి చదువూ ఒకేసారి మొదలైంది.

జపనీస్ రాతలో మూడు రకాల అక్షరాలు కలిసి నడుస్తాయి. చైనా నుంచి వచ్చిన కంజి ఒక సముద్రం. దాని జోలికి మేము అప్పుడు పోలేదు. మిగిలిన రెండూ ధ్వనిని రాసేవి. దేశీయ పదాలకు, క్రియల చివర వచ్చే ప్రత్యయాలకు హిరగాన వాడతారు. పరదేశపు పదాలకు, పరదేశీయుల పేర్లకు కతకాన వాడతారు. ఒక్కొక్కదానిలో నలభై ఆరు మూలాక్షరాలు ఉన్నాయి. రెండింటిలోనూ ధ్వనులు అవే, రూపాలు మాత్రం వేరు. అంటే ఒకే నలభై ఆరు అక్షరాలను రెండుసార్లు నేర్చుకోవాలి.

యాభై ఆరు అక్షరాలు, వాటి గుణింతాలు, ఒత్తులు అన్నీ పిల్లలకు నేర్పే నాకు నలభై ఆరు పెద్ద లెక్క కాదనుకున్నాను. మొదటి రోజే ఆ ధీమా సడలింది. మనకు ‘క’ వస్తే చాలు, గుడి పెడితే ‘కి’, కొమ్ము పెడితే ‘కు’, ఎత్వం ఇస్తే ‘కె’. ఒక్క హల్లు రూపం గుర్తుంటే గుణింతమంతా దాని వెంట వస్తుంది. హిరగానలో ‘క’కూ ‘కి’కీ రూపంలో ఏ చుట్టరికమూ లేదు. ‘క’ ఒక మెలిక తిరిగిన గీత, దాన్ని దాటుతూ దిగే మరో గీత, పక్కన చిన్న విడి గీత. ‘కి’ రెండు అడ్డగీతల మీదుగా దిగే నిలువుగీత. ‘కు’ ఒక్క మలుపుతో అయిపోతుంది, పక్షి ముక్కు తెరిచినట్టు. గుణింతం అనే ఆలోచనే లేని లిపిలో ప్రతి అక్షరాన్నీ విడిగా, దాని ముఖం చూసి గుర్తుపట్టాలి. తలకట్టు ఎక్కడుందా అని వెతికే అలవాటు నా కళ్లకు పోవడానికి వారం పట్టింది.

ఆ వారాన్ని మరింత కష్టం చేసింది మాకిచ్చిన పట్టికే. అందులో ప్రతి అక్షరం కింద ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఉంది. ఇంగ్లీషులో చదువుకున్న మా అమ్మాయి ఆ అక్షరాలను ఇంగ్లీషు పదాల్లాగానే చదవసాగింది. ‘అరె’ అంటే ‘అల్లదిగో ఆ దూరాన ఉన్నది’ అని అర్థం. దాన్ని ఆమె ‘ఆర్’ అని చదివింది. ‘సమె’ అంటే సొరచేప. అది ‘సేమ్’ అయింది. తప్పు ఆమెది కాదు. ఇంగ్లీషు అక్షరం కనబడితే నోరు ఆ దారిలోనే పోతుంది. మూడో రోజు రాత్రి నేను ఆ పట్టికను పక్కన పెట్టి, తెల్లకాగితం మీద కొత్త పట్టిక గీసి, ఉచ్చారణలన్నీ తెలుగులో రాశాను. అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ. సగం రాసేసరికి చేయి ఆగిపోయింది. నేను రాస్తున్నది ఎవరి వర్ణమాల?

ఆ పట్టికను జపాన్‌వారు ‘గొజూఒన్’ అంటారు, యాభై ధ్వనులు అని అర్థం. అడ్డంగా ఐదు అచ్చులు, నిలువుగా పది వరుసలు. కొన్ని గళ్లు ఖాళీగా ఉండడం వల్ల, చివర చేరే ఒక ‘న్’తో కలిపి ఇప్పుడు నలభై ఆరే మిగిలాయి. అచ్చుల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. మన అచ్చుల్లోంచి దీర్ఘాలను, ఋకారాదులను, ఐ, ఔలను తీసేస్తే మిగిలే వరస సరిగ్గా ఇదే. పైగా హ్రస్వమైన ఎ, ఒలు సంస్కృతంలో లేవు, మనకు ఉన్నాయి. అందుచేత ఈ ఐదూ తెలుగు నోటికి కొత్తవి కావు. ఇక హల్లుల వరస క, స, త, న, హ, మ, య, ర, వ. మొదట చూస్తే ‘స’, ‘హ’ తప్పుచోట కూర్చున్నట్టు అనిపిస్తాయి. కాని ఇప్పటి ‘హ’ వరసను పూర్వం ‘ప’ అని పలికేవారని, ‘స’ వరస అప్పట్లో ‘చ’కు దగ్గరగా ఉండేదని భాషా చరిత్ర చదివినవారు చెబుతారు. ఆ రెండు చోట్లా పాత ధ్వనులను పెట్టి చదివితే క, చ, త, న, ప, మ, య, ర, వ అవుతుంది. మన వర్గాలే, మన అంతస్థాలే, మన క్రమమే.

ఇది కాకతాళీయం కాదు. బౌద్ధంతో పాటు సంస్కృత మంత్రాలూ, వాటిని రాసే సిద్ధం అనే లిపీ చైనా మీదుగా జపాన్ చేరాయి. భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు 736లో జపాన్‌లో అడుగుపెట్టి, 752లో నారా నగరంలోని తోదాయిజి ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేశాడు. చైనాలో చదువుకుని 806లో తిరిగివచ్చిన కూకై అనే జపాన్ సన్యాసి సిద్ధం లిపి విద్యను తన వెంట తెచ్చాడు. ఆ విద్యను అభ్యసించిన పండితులే తమ భాషలోని ధ్వనులను మన వర్ణక్రమంలో అమర్చుకున్నారు. ఆ లిపికి ఆ పేరు రావడానికి కారణం, అక్షరమాల మొదట ‘సిద్ధం’ అనే మంగళపదం రాసే ఆచారం. ఇది చదివినప్పుడు నాకు చిత్తూరులో మా నాన్న నా వేలు పట్టుకుని పళ్లెంలో పోసిన బియ్యం మీద రాయించిన మాటలు చెవిలో వినిపించాయి: ఓం నమః శివాయ, సిద్ధం నమః. ఓనమాలు అనే మాట పుట్టింది అక్కడి నుంచే. ఆ రెండో సగం ఏమిటో, ‘సిద్ధం’కు ఎందుకు నమస్కరిస్తున్నామో నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు, నా దగ్గర చదివిన వందలాది పిల్లలకూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అమ్మాయికి ఇదంతా చెప్పాను. “అయితే ఈ పట్టిక క్రమం నేను కొత్తగా నేర్చుకోవాల్సిన పనే లేదు కదమ్మా” అంది. నిజమే. తరగతిలో తక్కిన పిల్లలు ఏ వరస తర్వాత ఏ వరస అని తడుముకుంటుంటే, ‘స’ స్థానంలో ‘చ’, ‘హ’ స్థానంలో ‘ప’ అనుకుంటే చాలు, ఆమెకు క్రమం నిలిచిపోయింది. జపనీస్ నిఘంటువుల్లో పదాలు కూడా ఈ క్రమంలోనే ఉంటాయి కాబట్టి ఆ లాభం తర్వాత కూడా పనికొచ్చింది.

క్రమం వచ్చింది కాని రూపాలు రావాలి. దీనికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, దిద్దడం. పలక, బలపం తెచ్చాను. రోజుకు ఒక వరస, అంటే ఐదు అక్షరాలు. నేను పెద్దగా రాసిన అక్షరం మీద అమ్మాయి పదిసార్లు దిద్దాలి, తర్వాత చూచిరాత, ఆ తర్వాత నేను పలికితే చూడకుండా రాయాలి. తర్వాత ఆమె పలికితే నేను రాయాలి. “పరీక్షలో రాసేదేమీ లేదుమా, నాలుగింట్లో సరైనది గుర్తుపడితే చాలు. ఇంత దిద్దడం ఎందుకు?” అని మొదట్లో విసుక్కుంది. ఆ పరీక్ష సంగతి ఆమె చెప్పింది నిజమే. కాని చేయి తిరగని అక్షరం కంటికి కూడా ఎక్కువకాలం నిలవదని నా అనుభవం. పైగా ఆ లిపిలో ప్రతి గీతకూ ఒక క్రమం ఉంది, ప్రతి గీతకూ ఒక దిశ ఉంది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి. క్రమం తప్పితే అక్షరం మొత్తం వంకరగా కూర్చుంటుంది. మన పిల్లలు ‘క’ను కింది నుంచి మొదలుపెట్టి రాస్తే చూడగానే ఎలా తెలిసిపోతుందో అక్కడా అంతే.

ఇంట్లో పేరుకుపోయిన పాత పెళ్లి పత్రికల్లో రాత లేని వైపును చతురస్రాలుగా కత్తిరించి కార్డులు చేశాం. ముందు వైపు జపనీస్ అక్షరం, వెనుక తెలుగు. వంటింట్లో డబ్బాల మీద కూడా చీటీలు అంటించాం: ఉప్పు డబ్బా మీద ‘షియొ’, బియ్యం డ్రమ్ము మీద ‘కొమె’, చక్కెర మీద ‘సతో’. ఆ చీటీల మీద తెలుగు రాయలేదు. మొదటి పట్టికలో నేను చేసిన పొరపాటు అదే. అక్షరం కిందే తెలుగు ఉంటే కన్ను తెలుగునే చదువుతుంది. పై అక్షరం బొమ్మలా మిగిలిపోతుంది. ధ్వనిని తెలుగులో ఒకసారి వినిపించాక తెలుగును కూడా తప్పించాలి. మావారు నాలుగు రోజులు డబ్బాలు తెరిచి చూసి సరుకు తీసుకున్నారు. ఐదో రోజుకు ‘షియొ’ చదవడం వచ్చింది.

రెండో వారంలో ఒక శనివారం తెల్లవారుజామున మేమిద్దరం అలిపిరి నుంచి నడకదారిన కొండెక్కాం. మూడు వేల అయిదు వందల యాభై మెట్లు. మెట్టుకొక అక్షరం చొప్పున పైకి చెప్పుకుంటూ వెళ్దామని అమ్మాయి ఆలోచన. అ, ఇ, ఉ, ఎ, ఒ, క, కి, కు... నలభై ఆరు మెట్లకు ఒక ఆవృత్తి. గాలిగోపురం చేరేసరికి ఎన్ని ఆవృత్తులయ్యాయో లెక్క తప్పింది కాని, ఇద్దరికీ నోట్లో నలిగి, ఊపిరితో పాటు వచ్చేస్తున్నాయి. దిగివచ్చిన రోజు రాత్రి కార్డులు కలిపి ఒక్కొక్కటే చూపించాను. నలభై ఆరింటిలో పద్దెనిమిది తప్పాయి. నాకు ఇరవై ఒకటి తప్పాయి. అ ఆ ఇ ఈ పాట గడగడా పాడి, పలక మీద ‘ఈ’ చూపిస్తే బిక్కమొహం వేసే పిల్లలు ప్రతి సంవత్సరం నా తరగతిలో ఉంటారు. వాళ్లకు పాట వచ్చింది, అక్షరం రాలేదు అని తల్లిదండ్రులకు నేనే చెబుతుంటాను. వల్లె వేయడం వల్ల వరస వచ్చింది. అక్షరం కనబడగానే ధ్వని తోచాలంటే వరసను చెడగొట్టాలి. ఆ రోజు నుంచి పట్టిక చూసి చదవడం మానేశాం. ప్రతి రాత్రీ కార్డులు కలపడం, తప్పినవి వేరే కట్టగా కట్టడం, పొద్దున్నే ముందుగా ఆ కట్టను తీయడం. కట్ట రోజురోజుకూ పలచబడుతుంటే చాలా సంతోషంగా ఉండేది.

ఆ కట్టలో చివరి వరకూ మిగిలిన జంట ‘ను’, ‘మె’. రెండూ చూడడానికి ఒకటే: ఏటవాలుగా దిగే చిన్న గీత, దాన్ని దాటుతూ పెద్ద వంపు తిరిగే రెండో గీత. ‘ను’లో ఆ వంపు కొస ఒక చిన్న చుట్ట చుట్టుకుంటుంది, ‘మె’లో చుట్ట లేకుండా విడిగా ఆగుతుంది. నాకు ప్రతిసారీ తారుమారయ్యేది. “చివర్న చుట్ట ఉందా లేదా చూడుమా” అని అమ్మాయి నాకు పది రోజులు చెప్పింది. ఇంగ్లీషులో తయారుచేసిన బొమ్మల గుర్తులు ఆమె ఫోనులో ఉన్నాయి కాని, వాటిని గుర్తుపెట్టుకోవడానికి మళ్లీ ఇంగ్లీషు మాట ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అందుకని మా గుర్తులు మేమే చేసుకున్నాం. ‘ను’ అంటే నూలు, కాబట్టి కొసన దారం చుట్ట ఉంటుంది. ‘నె’ అంటే నేత, దానికీ కొసన చుట్ట ఉంటుంది. ఎడమ సగం అచ్చం ‘నె’లాగే ఉండే ‘రె’లో కొస బయటికి విసిరినట్టు పోతుంది, ‘వ’లో లోపలికి గుండ్రంగా వంగి ఆగుతుంది, నేతకు తప్ప మిగతా రెండింటికీ దారం లేదు. ‘రు’, ‘రొ’ల మధ్య తేడా కూడా కొసన ఉండే పూసే: ‘రు’ చివర రుద్రాక్ష ఉంటుంది. ‘హి’ నోరు సాగదీసి హిహి అని నవ్వినట్టు ఉంటుంది. ‘హె’ మా మేడ మీంచి కనబడే కొండ గీత. ‘షి’ శిఖ వేలాడి కొస పైకి తిరిగినట్టు ఉంటుంది.

‘ను’, ‘మె’ ఎందుకలా కవలల్లా ఉన్నాయో తర్వాత తెలిసింది. హిరగాన అక్షరాలన్నీ చైనా అక్షరాలను వేగంగా, గొలుసుగా రాయడంలో కరిగి గుండ్రబడిన రూపాలు. ‘మె’ స్త్రీ అని అర్థమిచ్చే అక్షరం నుంచి పుట్టింది. ‘ను’ పుట్టిన అక్షరంలో ఎడమ సగం అదే స్త్రీ అక్షరం, కుడి సగం మరొకటి. ఆ కుడి సగమే కరిగి కరిగి చివరి చుట్టగా మిగిలింది. కారణం తెలిశాక ఆ రెండూ నాకు మళ్లీ తారుమారు కాలేదు. పిల్లలు మ, యలనూ ప, వలనూ కలగలిపినప్పుడు సరిగా చూడమని గద్దించడం తప్ప, తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించడం నేను ఎంత తక్కువగా చేశానో కూడా ఆ రోజుల్లోనే తెలిసివచ్చింది. జూన్‌లో బడి తెరవగానే ఆ పద్ధతి మార్చుకున్నాను.

ఒక ఇబ్బంది మాత్రం మమ్మల్ని బాగా కంగారుపెట్టింది. హిరగాన పూర్తయిందనుకున్న రోజు, తరగతిలో చేతిరాతతో ఉన్న కాగితం ఒకటి ఇస్తే అమ్మాయి అందులో ‘కి’నీ ‘స’నీ చదవలేకపోయింది. ఫోనులో, అచ్చులో ఆ అక్షరాల కింది వంపు పై గీతతో కలిసి ఉంటుంది. చేతితో రాసేటప్పుడు అక్కడ కలాన్ని ఎత్తి, వంపును విడిగా రాస్తారు. రెండూ సరైనవే. కొత్తగా మొదలుపెట్టేవారు అచ్చు రూపాన్ని చూసి దిద్దితే రాత అసహజంగా ఉంటుంది, చేతిరాత ఎదురైతే గుర్తుపట్టలేరు. కాబట్టి దిద్దడానికి చేతిరాత నమూనానే పెట్టుకోవాలని గట్టిగా చెప్పగలను. మేము ఆ రెండు అక్షరాలతో పాటు మరికొన్నింటిని కొత్తగా దిద్దుకోవలసి వచ్చింది.

అక్షరాలు వచ్చాక వాటి మీద పెట్టే గుర్తులు చాలా త్వరగా వచ్చాయి, ఎందుకంటే అక్కడ తెలుగు చెవి చేయందించింది. ‘క’ పక్కన పైన రెండు చిన్న గీతలు పెడితే ‘గ’, ‘త’కు పెడితే ‘ద’, ‘హ’కు పెడితే ‘బ’. ‘హ’కే చిన్న సున్న పెడితే ‘ప’. మా ఊళ్లో బోర్డుల మీద తమిళం చదివే అలవాటున్నవారికి ఇది మరీ సులభం. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం. గాంధీ అని రాసినదాన్ని కాంతి అని కూడా చదవవచ్చు, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. జపనీస్ ఆ తేడాను రెండు గీతలతో తేల్చేసింది. ‘త’ వరసలో ఉండే ‘త్సు’ను పలకడానికి తరగతిలో కొందరు అవస్థపడుతున్నారని అమ్మాయి చెప్పింది. చుక్క అనే మాటలో మొదటి ధ్వని పలకమన్నాను. పాత నిఘంటువుల్లో ప్రత్యేకంగా గుర్తుపెట్టి చూపే ఆ దంత్య చకారమే ‘త్సు’. ‘ఫు’ను మాత్రం పళ్లతో కాక, పొయ్యి ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి వదలాలి.

అక్షరమాల చివర ఒంటరిగా నిలిచే ‘న్’ అచ్చంగా మన సున్న. పంపులో సున్న మకారంలా, గంగలో ఙకారంలా పలికినట్టే, అదీ తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది. వార్తాపత్రికను ‘షిన్‌బున్’ అని రాసి ‘షింబున్’ అంటారు. ‘త్సు’ను చిన్నదిగా రాస్తే దాని తర్వాతి హల్లుకు ద్విత్వం వస్తుంది. ‘ఒతొ’ అంటే శబ్దం, మధ్యలో చిన్న ‘త్సు’ చేరితే ‘ఒత్తొ’, అంటే భర్త. ఇక దీర్ఘం. ‘ఒబసన్’ అంటే పిన్ని, అత్త వరస. ‘ఒబాసన్’ అంటే అవ్వ. వృద్ధుల దగ్గర పనిచేయబోయే అమ్మాయికి ఆ ఒక్క మాత్ర తేడా రోజూ నాలుక మీద ఉండాలి. కల, కాల మధ్య తేడా పుట్టుకతో తెలిసినవారికి ఇది నేర్పవలసిన సంగతి కాదు. జపాన్‌వారు పదాన్ని లెక్కపెట్టేదీ మాత్రలతోనే: దీర్ఘానికి రెండు, చిన్న ‘త్సు’కు ఒకటి, ‘న్’కు ఒకటి. తోక్యో నాలుగు మాత్రలు, నిప్పొన్ నాలుగు మాత్రలు. లఘువులు, గురువులు వేసి చూపించాను, లెక్క సరిపోయింది. రాతలో మాత్రం ఒకారానికి దీర్ఘం కావాలంటే సాధారణంగా పక్కన ‘ఉ’ రాస్తారు, అది కన్ను అలవాటు చేసుకోవాలి. అలాగే ‘నేను’ అనే మాట తర్వాత వచ్చే ‘వ’ ప్రత్యయాన్ని ‘హ’ అక్షరంతో రాస్తారు, ‘ఎ’ ప్రత్యయాన్ని ‘హె’తో రాస్తారు. ఇవి పాత రాత అలవాట్లు అలాగే నిలిచిపోయినవి. వేరే ఆలోచన లేకుండా గుర్తుపెట్టుకున్నాం.

హిరగానకు మాకు మూడు వారాలు పట్టింది, శిక్షణ తరగతి పెట్టిన గడువు దాటింది. కతకానకు ఐదు వారాలు పట్టింది. ధ్వనులన్నీ తెలిసినవే కాబట్టి తొందరగా వస్తుందనుకున్న నా అంచనా పూర్తిగా తప్పింది. బౌద్ధ సన్యాసులు చైనా గ్రంథాల పంక్తుల పక్కన చదివే విధానం గుర్తుపెట్టుకోవడానికి, అక్షరంలో ఒక ముక్కను మాత్రమే తీసుకుని రాసుకున్న గుర్తుల నుంచి కతకాన పెరిగింది. అందుకే అందులో వంపులు తక్కువ, తిన్నని గీతలు ఎక్కువ. గుండ్రని తెలుగుకు అలవాటుపడిన కంటికి హిరగాన దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. కతకాన అగ్గిపుల్లలు పేర్చినట్టు ఉంటుంది. కొన్ని ఇట్టే వచ్చాయి. ‘ని’ రెండు అడ్డగీతలు, జపనీస్‌లో రెండును కూడా ‘ని’ అనే అంటారు. ‘హె’ రెండింటిలోనూ ఒకటే, ‘రి’ దాదాపు ఒకటే.

కాని ‘షి’, ‘త్సు’, ‘సొ’, ‘న్’ అనే నాలుగూ మా ఇద్దరినీ నెల రోజులు ఏడిపించాయి. ‘షి’, ‘త్సు’లు రెండు చిన్న గీతలు, ఒక పొడవైన గీత. ‘సొ’, ‘న్’లు ఒక చిన్న గీత, ఒక పొడవైన గీత. కంటితో ఎంతసేపు చూసినా తేడా తేలదు. తేలేది చేతితోనే. ‘షి’లో చిన్న గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడవైన గీతను కింది నుంచి పైకి ఎగదోయాలి. ‘త్సు’లో చిన్న గీతలు పైన పక్కపక్కన ఉంటాయి, పొడవైన గీత పై నుంచి కిందికి దిగుతుంది. ‘న్’ పైకి ఎక్కుతుంది, ‘సొ’ కిందికి దిగుతుంది. రాస్తూ “ఎక్కేది, దిగేది” అని పైకి అనుకునేవాళ్లం. దిద్దడం ఎందుకని విసుక్కున్న అమ్మాయే ఈ నాలుగింటి కోసం అడిగి మరీ పలక తీసుకుంది. నేర్చుకున్నాక అచ్చులో కూడా గీత ఏ కొస లావుగా ఉందో, ఏ కొస సన్నబడిందో కనిపించసాగింది. సన్నబడిన కొస కలం ఎత్తిన చోటు.

కతకాన ఆలస్యమవడానికి ఇంకో కారణం, మొదటి పాఠాల్లో అది తక్కువగా కనిపించడం. చదవడానికి పదాలు కావాలి. అక్కడ మాకు ఒక ఉపాయం దొరికింది. ఇంగ్లీషు మాటలను తమవి చేసుకునే తీరులో జపనీస్, తెలుగు అక్కచెల్లెళ్లలా ప్రవర్తిస్తాయి. రెండూ మాట చివర అచ్చు ఉంటే తప్ప తృప్తిపడవు. మనం బస్సు అంటాం, వాళ్లు ‘బసు’ అంటారు. మనం హోటలు అంటాం, వాళ్లు ‘హొతెరు’ అంటారు, ఎందుకంటే వాళ్లకు లకారం లేదు. మన నోటు పుస్తకం వాళ్లకు ‘నోతొ’. రోజూ మాట్లాడే ఇంగ్లీషు మాటలు పది రాసి ఇవ్వడం నా పని, వాటిని కతకానలోకి మార్చి రాయడం అమ్మాయి పని. తర్వాత నిఘంటువులో సరిచూసుకోవడం. సగానికి పైగా సరిపోయేవి.

ఆ రోజుల్లోనే మా వీధిలో ఒకరి అబ్బాయి జపాన్ నుంచి సెలవు మీద వచ్చి, చాక్లెట్ పొట్లం ఒకటి పంపించాడు. పొట్లం మీద ఆరు కతకాన అక్షరాలు ఉన్నాయి. అమ్మాయి ఇంట్లో లేదు. ‘కి’, తర్వాత చిన్న ‘త్సు’, తర్వాత ‘తొ’. వేలు పెట్టి మళ్లీ చదివాను, కిత్తొ. ‘క’, చిన్న ‘త్సు’, ‘తొ’. కిత్తొకత్తొ. రెండుసార్లు పైకి అన్నాక కిట్‌క్యాట్ అని తెలిసింది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ పక్కన లేకుండా నేను చదివిన మొదటి జపనీస్ మాట అదే. అమ్మాయి వచ్చేవరకు పొట్లం విప్పలేదు, ఆమె చేత కూడా చదివించాకే విప్పాను.

డిసెంబరు మొదటి ఆదివారం చెన్నైలో ఎన్5 అనే జపనీస్ భాషా పరీక్ష. ఐదు స్థాయిల్లో ఇది అన్నిటికన్నా కింది మెట్టు. మొత్తం 180 మార్కులకు 80 రావాలి, విభాగాలవారీగా కూడా కనీస మార్కులు రావాలి. తిరుపతి నుంచి తెల్లవారకముందే బస్సెక్కాం. దారిలో అమ్మాయి కార్డుల కట్ట తీయలేదు. నేను తీసుకుని నా కోసం చదువుకున్నాను. ఉత్తీర్ణత వచ్చింది. ఉద్యోగానికి ఎన్4 స్థాయి కావాలి కాబట్టి, ఇప్పుడు కంజితో కుస్తీ పడుతోంది.

మొన్న ఆదివారం ఆమె జపనీస్ పద్ధతిలో తన వివరాల పత్రం చేత్తో రాయవలసి వచ్చింది. పుట్టిన ఊరు రాసేచోట ఆగి నన్ను పిలిచింది. తిరుపతిని కతకానలో ఎలా రాయాలి? ‘త’ వరసలో ‘తి’ లేదు, దాని స్థానంలో ‘చి’ ఉంది. అలా రాస్తే ‘చిరుపచి’ అవుతుంది. పరదేశపు ధ్వనుల కోసం వాళ్లు చేసుకున్న ఏర్పాటు ప్రకారం ‘తె’ రాసి, పక్కన చిన్న ‘ఇ’ చేరిస్తే ‘తి’ అవుతుంది. తె, చిన్న ఇ, రు, సున్న పెట్టిన హ, మళ్లీ తె, చిన్న ఇ. మొత్తం ఆరు అక్షరాలు. ముందు పలక మీద నేను రాసి చూపించాను. అమ్మాయి వంగి చూసి, బలపం అందుకుంది. “ఈ రెండు ‘ఇ’లూ ఇంకొంచెం చిన్నగా, కింది గీతకు ఆనుకుని ఉండాలమ్మా, లేకపోతే తెఇరుపతెఇ అని చదువుతారు” అంటూ వాటిని తుడిచి మళ్లీ రాసింది.